అరెస్టు మెమోలో వ్రాసే గంట

(పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్లుగా, కానిస్టేబుళ్ళుగా ఎంపికై శిక్షణకు వెళుతున్న యువతీయువకుల కోసం, వారి కుటుంబాల కోసం ఏర్పాటైన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము న్యాయవాదులము కాము. పోలీసు శాఖలో పనిచేసినవారమూ కాము. ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాలుగా మూడు దశాబ్దాలకు పైగా దస్త్రాల మధ్య గడిపి, పదవీ విరమణ పొందిన తర్వాత నలుగురైదుగురము కలిసి పేద కుటుంబాలకు అర్జీలు వ్రాసిపెట్టడం, కోర్టు కాగితాల నకళ్ళు తెప్పించడం, ఉచిత న్యాయ సహాయం కోసం వారికి తోడుగా వెళ్ళడం వంటి పనులు చేస్తున్నాము. చట్టంలోని సెక్షన్లన్నీ మీకు అకాడమీలో మాకంటే బాగా తెలిసినవారు బోధిస్తారు. పరేడు, తుపాకి, వాహనం నడపడం అన్నీ నేర్పుతారు. మేము చెప్పదలచినది కాగితాల గురించి. ఒక పోలీసు అధికారి నిజాయితీ ఎంతటిదో అతడు వ్రాసే కాగితం చెబుతుంది. ఆ కాగితాలలో తేదీ పక్కన గంట, నిమిషం వ్రాయవలసిన ఒక చిన్న గడి ఉంటుంది. ఈరోజు మా ప్రసంగమంతా ఆ గడి గురించే. అయితే అక్కడికి చేరడానికి ముందు కొన్ని మూల విషయాలు చెప్పుకోవాలి.

మూడు మాటలు

నేర న్యాయంలో మొదట నేర్చుకోవలసినవి మూడు మాటలు: అనుమానితుడు, నిందితుడు, దోషి. ఒకరిమీద పోలీసుకు సందేహం కలిగితే అతడు అనుమానితుడు. తగిన ఆధారం దొరికి కేసులో పేరు చేరితే నిందితుడు. న్యాయస్థానం ఇరుపక్షాల వాదనలూ విని, నేరం రుజువయిందని తీర్పు చెప్పిన తర్వాత మాత్రమే దోషి. మొదటి రెండు మాటలూ పోలీసు పలుకదగినవి. మూడవ మాట పలికే అధికారం ఎంత పెద్ద పోలీసు అధికారికీ లేదు.

మన ఇళ్ళలో మాట్లాడే ఉర్దూలోనూ ఈ తేడా స్పష్టంగా ఉంది. నింద పడినవాడు ముల్జిమ్, నేరం రుజువైనవాడు ముజ్రిమ్. వినడానికి రెండూ దగ్గరగా ఉంటాయి. కాని వాటి నడుమ ఒక న్యాయస్థానం, కొన్ని సంవత్సరాల విచారణ ఉన్నాయి. తెలుగులోని 'ముద్దాయి' అనే మాట కథ ఇంకా విచిత్రమైనది. అరబ్బీలో పుట్టి ఉర్దూ కచేరీల ద్వారా వచ్చిన ఈ మాటకు అసలు అర్థం దావా వేసినవాడు, ఫిర్యాదు చేసినవాడు అని. దావాను ఎదుర్కొనేవాడిని 'ముద్దా అలైహ్' అనేవారు. తెలుగు వాడుకలోకి వచ్చేసరికి ఫిర్యాదుదారుని పేరు నిందితునికి అంటుకొంది. మాట విషయంలో ఇటువంటి తారుమారు జరిగితే ఎవరికీ నష్టం లేదు. మనిషి విషయంలో జరిగితే ఒక కుటుంబం కూలిపోతుంది. ముఖానికి ముసుగు వేసి విలేకరుల ముందు నిలబెట్టి 'నేరస్థులను పట్టుకొన్నాము' అని ప్రకటించే అధికారి తనకు లేని అధికారాన్ని వాడుకొంటున్నాడని మీరు గుర్తించాలి.

ఎవరి పని ఏది

పోలీసు సమాచారం స్వీకరించి దర్యాప్తు చేస్తాడు. ప్రాసిక్యూటరు ఆ సాక్ష్యాన్ని న్యాయస్థానం ముందు ఉంచుతాడు. న్యాయమూర్తి తూచి తీర్పు చెబుతాడు. శిక్ష పడితే జైలు శాఖ అమలు చేస్తుంది. ఈ నాలుగు పనులనూ నలుగురికి పంచడంలో ఒక జాగ్రత్త ఉంది. పట్టుకొన్నవాడే తీర్పు చెప్పి, తీర్పు చెప్పినవాడే శిక్ష వేస్తే మధ్యలో జరిగిన తప్పును చూసే కన్ను ఉండదు.

నేరాన్ని రుజువు చేసే భారం ప్రభుత్వానిది. కొన్ని ప్రత్యేక చట్టాలలో మినహాయింపులు ఉన్నప్పటికీ మూల సూత్రం ఇదే. రుజువు సహేతుకమైన సందేహానికి తావులేనిదై ఉండాలి. పరిస్థితుల సాక్ష్యం మీద నడిచే కేసులలో 'చేసి ఉండవచ్చు' అన్నదానికీ 'తప్పక చేసి ఉండాలి' అన్నదానికీ చాలా దూరం ఉందని 1984లో శరద్ సార్డా కేసులో సుప్రీంకోర్టు వివరించింది. ఆ దూరాన్ని దాటించవలసినది సాక్ష్యం. ఊహతోనో, ముఖం చూసి, పేరు చూసి, పేట చూసి కలిగిన అభిప్రాయంతోనో దాన్ని దాటడానికి వీలు లేదు.

2024 జూలై 1 నుండి మూడు కొత్త చట్టాలు అమలులోకి వచ్చాయి: భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమ్. పాత చట్టాల పేర్లు పోయాయి, సెక్షన్ల అంకెలు మారాయి. కాని రాజ్యాంగంలోని 20, 21, 22 అధికరణలు అలాగే ఉన్నాయి. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని నిందితుని నిర్బంధించరాదన్నది 20వ అధికరణ. చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నీ, స్వేచ్ఛనూ హరించరాదన్నది 21వ అధికరణ. అరెస్టుకు కారణం చెప్పాలి, న్యాయవాదిని సంప్రదించనివ్వాలి, 24 గంటలలో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి అన్నది 22వ అధికరణ. మీరు చేసే ప్రమాణం ఈ రాజ్యాంగం మీదనే.

ఫిర్యాదు గడప వద్ద

స్టేషనుకు వచ్చిన మనిషి మొదట కోరేది తన మాట ఎక్కించుకోమని. వారంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరం జరిగినట్లు సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయడం తప్పనిసరి అని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ఇంకొక అడుగు ముందుకు వేసి, నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా సమాచారం తీసుకోవాలన్నది. దీనినే జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నారు. ఫిర్యాదుదారునికి నకలు ఉచితంగా ఇవ్వాలి. స్టేషనులో నిరాకరిస్తే ఎస్పీకి తపాలాలో పంపవచ్చు, అక్కడా ఫలితం లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. స్త్రీలపై జరిగే కొన్ని నేరాల విషయంలో ఫిర్యాదు నమోదు చేయకపోవడమే అధికారికి శిక్షార్హమైన నేరం.

'రేపు రా', 'సారు లేరు', 'మా పరిధి కాదు' అన్న మూడు మాటలు విని వెనుదిరిగిన వారిని మేము చాలామందిని చూశాము. వారిలో ఎక్కువమంది పేదలు, చదువురాని స్త్రీలు. మీరు ఏ స్టేషనులో ఉన్నా ఈ మూడు మాటలూ మీ నోట రాకుండా ఉంటే, అదే మీ మొదటి సేవ.

అధికారం ఉండడం వేరు, అవసరం ఉండడం వేరు

అరెస్టు చేసే అధికారం ఉన్నంత మాత్రాన అరెస్టు చేయడం సమంజసం కాదని 1994లో జోగిందర్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏడేళ్ళ లోపు గాని, ఏడేళ్ళ వరకు గాని శిక్షపడే నేరాలలో యాంత్రికంగా అరెస్టులు చేయరాదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో ఆదేశించింది. సంహిత 35వ సెక్షన్ ప్రకారం ఇటువంటి కేసులలో అరెస్టు ఎందుకు అవసరమో అధికారి వ్రాతపూర్వకంగా చూపాలి: మరో నేరం చేయకుండా ఆపడానికా, సరైన దర్యాప్తుకా, సాక్ష్యం చెరిపివేయకుండానా, సాక్షులను బెదిరించకుండానా, కోర్టుకు హాజరయ్యేలా చూడడానికా? ఈ ఐదింటిలో ఏదీ లేకపోతే హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలి. మూడేళ్ళకు తక్కువ శిక్షపడే నేరంలో అరవై దాటినవారినీ, అశక్తులనూ డీఎస్పీ స్థాయి అధికారి ముందస్తు అనుమతి లేకుండా అరెస్టు చేయరాదని కూడా కొత్తగా చేర్చారు. మా వయసు వారికి ఇది కొంత ఊరట.

అరెస్టు తప్పనిసరి అయినప్పుడు పద్ధతి ఏమిటి? అరెస్టు చేసే అధికారి పేరు ఛాతీమీద స్పష్టంగా కనబడాలి. అరెస్టు మెమో తయారు చేయాలి. దానిమీద కుటుంబ సభ్యుడో, ఆ ప్రాంతంలోని గౌరవనీయుడో సాక్షిగా సంతకం చేయాలి, అరెస్టయిన వ్యక్తి కూడా సంతకం చేయాలి. కారణాలు అతనికి తెలియజేయాలి. అతడు కోరిన బంధువుకో, మిత్రునికో వెంటనే సమాచారం ఇవ్వాలి. వైద్య పరీక్ష చేయించాలి, ఆ నివేదిక నకలు అతనికి ఇవ్వాలి. ప్రశ్నించే సమయంలో న్యాయవాదిని కలుసుకొనే హక్కు అతనికి ఉంది. కారణాలు తెలియజేయకపోతే అరెస్టే చెల్లదని 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఆ ఒక్క గడి

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. ఇంతవరకు చెప్పిన హక్కులన్నీ ఒక మేకుకు వ్రేలాడుతున్నాయి. ఆ మేకు అరెస్టు జరిగిన గంట. 24 గంటల లెక్క మొదలయ్యేది అక్కడి నుండే. బంధువులకు కబురు చేయడం, వైద్యుని వద్దకు తీసుకువెళ్ళడం, న్యాయవాదిని కలవనివ్వడం అన్నీ ఆ గంట నుండే లెక్కకు వస్తాయి. ఆ గంట అబద్ధమైతే మిగిలిన కాగితాలన్నీ ఎంత చక్కగా ఉన్నా అబద్ధాలే.

ఉదాహరణకు ఒక యువకుణ్ణి సోమవారం రాత్రి ఇంటి నుండి తీసుకువెళ్ళారనుకోండి. మెమోలో గురువారం ఉదయం బస్టాండు వద్ద అనుమానాస్పదంగా తిరుగుతూ పట్టుబడినట్లు వ్రాశారు. శుక్రవారం ఉదయానికి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టారు. కాగితం చూస్తే 24 గంటలు దాటలేదు, చట్టం చక్కగా అమలయింది. కాని మంగళ, బుధవారాలు ఏమయ్యాయి? ఆ రెండు రోజులలో అతడు ఎక్కడ ఉన్నాడు, ఎవరు ప్రశ్నించారు, ఏమి తిన్నాడు, ఎవరు కొట్టారు? ఆ రెండు రోజులూ లోకంలో ఉన్నాయి, కాగితంలో లేవు. కస్టడీలో జరిగే ఘోరాలన్నింటికీ చోటు దొరికేది కాగితంలో లేని ఇటువంటి రోజులలోనే. స్టేషను గేటు వద్ద నిలబడిన తల్లికి 'మీవాడు ఇక్కడ లేడు' అని చెప్పేదీ ఆ రోజులలోనే.

గుమాస్తాగిరీ చేసినవారికి ఇది కొత్త కాదు. కార్యాలయాలలో ఇన్‌వర్డు రిజిస్టరు నింపేటప్పుడు ఒక పేజీ అడుగున రెండు వరుసలు ఖాళీగా వదిలితే, తర్వాత వచ్చిన కాగితానికి వెనుకటి తేదీ వేసి అందులో ఇరికించవచ్చు. అందువలననే వరుసలు వదలకూడదని, కొట్టివేతల వద్ద పొట్టి సంతకం చేయాలని, పేజీలకు అంకెలు వేయాలని నియమాలు పెట్టారు. మీ చట్టం కూడా ఇదే చెబుతోంది. సంహిత 192వ సెక్షన్ ప్రకారం కేసు డైరీని ఏ రోజుకారోజు వ్రాయాలి. సమాచారం అందిన వేళ, దర్యాప్తు మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ, వెళ్ళిన చోట్లు నమోదు చేయాలి. డైరీ విడి కాగితాలుగా కాక, పేజీల అంకెలు వేసిన పుస్తకంగా ఉండాలి. తలుచుకొన్నప్పుడు పేజీ మార్చడానికి వీలు లేకుండా శాసనసభ్యులు ఎంత ముందుచూపుతో వ్రాశారో చూడండి.

స్టేషనులో రైటర్ అనే కానిస్టేబుల్ ఉంటాడు. మీరు కొత్తగా వెళ్ళినప్పుడు అతడే మీకు అన్నీ నేర్పుతాడు. 'సార్, సంతకం పెట్టండి, టైము నేను తర్వాత వేస్తాను' అని అతడు అన్న రోజున మీ వృత్తి నీతికి తొలి పరీక్ష వస్తుంది. ఖాళీ గడి మీద సంతకం చేయకండి. ఒకసారి చేస్తే రెండవసారి కాదనడం కష్టం.

అరెస్టు గంటకు ఇంత ప్రాముఖ్యం ఎలా వచ్చిందో కూడా తెలుసుకోవాలి. 1986లో పశ్చిమ బెంగాల్‌లో న్యాయ సహాయ సంస్థను నడిపే డి.కె. బసు, లాకప్ మరణాల గురించి పత్రికలలో వచ్చిన వార్తలను జతచేసి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఒక ఉత్తరం వ్రాశారు. న్యాయస్థానం ఆ ఉత్తరాన్నే పిటిషనుగా స్వీకరించింది. పదేళ్ళ తర్వాత, 1996 డిసెంబరులో వచ్చిన తీర్పులో పదకొండు నిబంధనలు విధించింది. మెమోలో అరెస్టు సమయం, తేదీ ఉండాలన్నది వాటిలో ఒకటి. ఒంటిమీది గాయాలను ఆ సమయంలోనే తనిఖీ మెమోలో వ్రాసి ఇద్దరూ సంతకం చేయాలన్నది మరొకటి. కస్టడీలో ఉన్నంత కాలం 48 గంటలకు ఒకసారి వైద్య పరీక్ష జరగాలన్నది ఇంకొకటి. ఒడిశాలో ఒక తల్లి తన కుమారుడు పోలీసు కస్టడీలో మరణించాడని 1988లో వ్రాసిన ఉత్తరం కూడా ఇలాగే పిటిషనయింది. 1993లో ఆ నీలబతి బెహరా కేసులో ప్రభుత్వం పరిహారం చెల్లించాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సామాన్యులు వ్రాసిన రెండు ఉత్తరాలు ఈ దేశంలోని స్టేషన్లన్నింటికీ నియమాలయ్యాయి. 2020లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ప్రతి స్టేషనులోనూ సీసీ కెమెరాలు ఉండాలని కూడా కోర్టు ఆదేశించింది. ఇకమీదట కాగితం ఒక గంట చెబుతుంది, కెమెరా ఒక గంట చెబుతుంది. రెండూ ఒకటిగా ఉండేలా చూసుకోవడం మీ క్షేమానికి కూడా మంచిది.

ఒప్పుకోలు మీద నమ్మకం

కొట్టకపోతే నిజం రాదని మీకు చెప్పేవారు తప్పక ఎదురవుతారు. దానికి చట్టమే జవాబు చెప్పింది. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితునికి వ్యతిరేకంగా రుజువు చేయరాదన్న నియమం 1872 నాటి సాక్ష్య చట్టం నుండే ఉంది. ఇప్పుడు అది సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్. నిందితుడు చెప్పిన సమాచారం వలన ఏదైనా వస్తువో, విషయమో బయటపడితే దానికి సంబంధించిన భాగం మాత్రమే పనికి వస్తుంది. మన ప్రజలమీద ఏమంత దయలేని పరాయి ప్రభుత్వమే తన పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలును నమ్మలేదంటే, ఆ ఒప్పుకోళ్ళు ఎలా వస్తాయో దానికి బాగా తెలుసునన్నమాట. ఒప్పుకోలు కోసం గాయపరచడం న్యాయ సంహిత 120వ సెక్షన్ కింద ఏడేళ్ళ వరకు, తీవ్రంగా గాయపరిస్తే పదేళ్ళ వరకు శిక్షపడే నేరం. పై అధికారి చెప్పాడు కనుక చేశానన్న జవాబు చెల్లదు. బూటకపు ఎన్‌కౌంటర్ల విషయంలో పై అధికారుల ఆజ్ఞ రక్షణ కాబోదని 2011లో ప్రకాష్ కదమ్ కేసులో సుప్రీంకోర్టు హెచ్చరించింది.

మన నగరం చెప్పిన పాఠం

ఈ మాటలు పుస్తకాలలోనివని ఎవరైనా అనుకొంటే హైదరాబాదు చరిత్రలో ఒక శుక్రవారాన్ని గుర్తు చేస్తాము. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి 9 మంది మరణించారు. ఆ తర్వాత జరిగిన పోలీసు కాల్పులలో మరో 5 మంది ప్రాణాలు పోయాయి. వెనువెంటనే పాతబస్తీ యువకులను పెద్దసంఖ్యలో పట్టుకుపోయారు. తమను రోజుల తరబడి రహస్య స్థలాలలో ఉంచి హింసించారని వారు ఆరోపించారు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ ఒక న్యాయవాదిని నియమించి ఆ ఆరోపణలపై విచారణ జరిపించింది. న్యాయస్థానాలలో కేసులు నిలువలేదు, యువకులు విడుదలయ్యారు. తర్వాత జాతీయ మైనారిటీల కమిషన్ సిఫారసుపై రాష్ట్ర ప్రభుత్వం 70 మందికి పరిహారం ప్రకటించింది. నిర్దోషులుగా బయటపడిన 20 మందికి మూడేసి లక్షల రూపాయలు, మిగిలిన 50 మందికి ఇరవయ్యేసి వేలు. సత్ప్రవర్తన ధ్రువపత్రాలు కూడా ఇచ్చింది. ఆ పరిహారపు ఉత్తర్వును 2013లో హైకోర్టు కొట్టివేసింది.

ఆ యువకుల చదువులు, ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు ఏమయ్యాయో మీ ఇళ్ళలో పెద్దలను అడగండి. అయితే ఈ కథలో రెండవ సగం కూడా ఉంది, దాన్ని మనం తక్కువగా చెప్పుకొంటాము. కేసు కేంద్ర సంస్థల చేతికి వెళ్ళి, వేరే వ్యక్తులపై అభియోగాలు నమోదై, విచారణ జరిగి, 2018 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం ఐదుగురు నిందితులను సాక్ష్యం చాలదని విడిచిపెట్టింది. అంటే పదకొండేళ్ళ తర్వాత కూడా నమాజుకు వెళ్ళి తిరిగిరాని ఆ 9 మంది కుటుంబాలకు తమవారిని చంపినది ఎవరో ఏ తీర్పూ చెప్పలేదు. దర్యాప్తులో మొదటి వారాలు ఎంతో విలువైనవి. ఆ రోజులలో తప్పుడు దారిన నడిచిన ప్రతి గంటా అసలు నేరస్థునికి దొరికిన సెలవు. తప్పుడు అరెస్టు వలన నష్టపోయేది అరెస్టయినవాడు మాత్రమే అనుకోవడం పొరపాటు. చనిపోయినవాడికి కూడా దానివలన అన్యాయం జరుగుతుంది. నిజాయితీతో కూడిన దర్యాప్తును మనం కోరేది నిందితుల కోసం ఎంతో, బాధితుల కోసమూ అంతే.

స్త్రీలు, పిల్లలు, వృద్ధులు

1978 మార్చిలో హైదరాబాదులోని నల్లకుంట స్టేషనులో ఒక ముస్లిం స్త్రీపై పోలీసులు అత్యాచారం చేశారని, ఆమె భర్తను కొట్టి చంపారని నగరం అట్టుడికిపోయింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ ఆ పోలీసులను తప్పుపట్టింది. కాని పొరుగు రాష్ట్రంలో జరిగిన విచారణలో న్యాయస్థానం వారిని విడిచిపెట్టింది. ఆ స్త్రీ పేరు చాలా చోట్ల అచ్చయింది. మేము ఇక్కడ చెప్పము. బాధితురాలి పేరు బయటపెట్టరాదన్నది నేటి చట్టం, అంతకంటే ముందు అది మర్యాద.

సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు స్త్రీని అరెస్టు చేయరాదు. అసాధారణ పరిస్థితి అయితే మహిళా అధికారి వ్రాతపూర్వక నివేదిక ఇచ్చి మేజిస్ట్రేటు అనుమతి పొందాలి. సాక్షిగా ప్రశ్నించవలసి వస్తే స్త్రీలను, పదిహేనేళ్ళ లోపు బాలురను, అరవై దాటిన పురుషులను, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారిని స్టేషనుకు రమ్మని ఒత్తిడి చేయరాదు, వారి నివాసానికే వెళ్ళాలి. పద్దెనిమిదేళ్ళు నిండనివారిని లాకప్‌లో ఉంచరాదు, బేడీలు వేయరాదు, 24 గంటలలో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. ఇక్కడ కూడా గమనించండి: సూర్యాస్తమయం, 24 గంటలు, వయసు. అంతా కాలం లెక్కే.

వృత్తి నీతి

భారత పోలీసులకు ఒక ప్రవర్తనా నియమావళి ఉంది. 1960లో ఇన్‌స్పెక్టర్ జనరళ్ళ సమావేశం దానిని ఆమోదించింది. 1985లో కేంద్ర హోం శాఖ రాష్ట్రాలన్నింటికీ పంపింది. రాజ్యాంగానికి విధేయులుగా ఉండడం, ధనిక పేద భేదం చూడకపోవడం, న్యాయస్థానం పనిని తామే చేయబూనకపోవడం, పగ తీర్చుకోకపోవడం, మత ప్రాంత భేదాలకు అతీతంగా ఉండడం అందులోని సారాంశం. మీకు ఆ నకలు ఇస్తారు. దాన్ని పెట్టె అడుగున పెట్టకండి.

మీకు రెండు వైపుల నుండి ఒత్తిడి ఉంటుంది. సహోద్యోగులలో కొందరు మీ విధేయతను పరీక్షించడానికి మన పేటల విషయంలో మిమ్మల్ని ఇంకా కఠినంగా ఉండమంటారు. మన పేట నుండి కొందరు 'మనవాడివి కదా' అంటూ ఫోను చేస్తారు. రెండూ ఒకే తప్పు పని చేయమని అడుగుతున్నాయి. రెండింటికీ ఒకటే జవాబు చెప్పండి. మీలో కొందరు చేరబోయే అకాడమీకి రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారి పేరు పెట్టారు. నిజాం కాలంలో, 1920 నుండి 1934 వరకు ఆయన హైదరాబాదు కొత్వాలుగా ఉన్నారు. ముస్లిం ప్రభువు నగరంలో హిందువైన అధికారి అందరి మన్ననా పొందారు. ఇప్పుడు మీరు ఎవరి ఊళ్ళలో పనిచేస్తారో వారందరికీ అలాగే నమ్మకస్థులు కావాలి. గుడి వద్ద బందోబస్తు వేసినా, మసీదు వద్ద వేసినా మీ ఖాకీ రంగు మారదు.

కుటుంబాలకు మా మనవి

తల్లిదండ్రులారా, పిల్లలకు చెప్పినంత మీకూ చెప్పాలి. మీ బిడ్డ యూనిఫాం వేసుకొన్న మర్నాటి నుండి పైరవీల కోసం మీ గడప తొక్కేవారు ఉంటారు. 'మా అల్లుడి కేసు కాస్త చూడమను' అంటారు. ఆ మాట బిడ్డకు చేరవేయకండి. మన సమాజం కోరవలసినది మనవారికి మినహాయింపును కాదు, అందరికీ ఒకే కొలతను. 2006లో సచార్ కమిటీ పోలీసు వంటి బలగాలలో మన సంఖ్య ఎంత తక్కువో చూపింది. ఆ సంఖ్య పెరగాలని మనం కోరడం సబబే. పెరిగిన సంఖ్య పైరవీలకు పనికివచ్చేదైతే దానివలన పేద ముస్లిముకు ఒరిగేది ఏమీ ఉండదు.

ఇక పోలీసులలో ఎవరూ లేని కుటుంబాలకు, అంటే మనలో ఎక్కువమందికి, కొన్ని ఆచరణ సూచనలు. ఇంటి నుండి ఎవరినైనా తీసుకువెళితే మొట్టమొదట గడియారం చూడండి. తేదీ, గంట, వచ్చినవారి పేర్లు, వాహనం నంబరు ఒక కాగితం మీద వ్రాయండి. పొరుగున చూసినవారి పేర్లు కూడా వ్రాయండి. అదే గంటలో ఎస్పీకో, కమిషనరుకో ఫోను సందేశమో, మెయిలో పంపండి. సందేశం మీద వేళ దానంతట అదే పడుతుంది, దాన్ని ఎవరూ మార్చలేరు. స్టేషనుకు వెళ్ళి అరెస్టు మెమో, కారణాలు అడగండి. అరెస్టయినవారి పేర్లు స్టేషనులో కనబడేలా ప్రదర్శించాలని సంహిత 37వ సెక్షన్ చెబుతోంది, ఆ బోర్డు చూడండి. ఖాళీ కాగితాల మీద సంతకాలు చేయకండి. పోలీసుకు ఇచ్చిన సాక్షి వాఙ్మూలం మీద సాక్షి సంతకం అవసరం లేదని కూడా గుర్తుంచుకోండి. కస్టడీలో ఉన్న ప్రతి వ్యక్తికీ, ఆదాయంతో పని లేకుండా, 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద ఉచిత న్యాయవాది లభిస్తాడు. మేజిస్ట్రేటు ముందు నిలబడినప్పుడు 'నిన్ను ఎప్పుడు పట్టుకొన్నారు, కొట్టారా' అన్న ప్రశ్నకు భయపడకుండా నిజం చెప్పమని మీవారికి చెప్పండి. గొడవ పడకండి, గుంపుగా వెళ్ళి స్టేషను మీద అరవకండి. మీరు వ్రాసిన గంటే మీకు సాక్షి.

బిడ్డలారా, మీలో ఎవరైనా ఒకనాడు స్టేషను బాధ్యతలు చేపట్టి అరెస్టు మెమో ముందు కలం పట్టుకొని కూర్చొంటారు. అదే సమయంలో గేటు బయట ఏ తల్లో, తన కొడుకును తీసుకువెళ్ళిన గంటను చీటీ మీద వ్రాసుకొని నిలబడి ఉంటుంది. ఆమె హిందువో, ముస్లిమో, దళితురాలో మాకు తెలియదు. ఆమె చీటీలోని గంటా, మీ మెమోలోని గంటా ఒకటే కావాలని కోరుతూ, మీ శిక్షణ శుభప్రదం కావాలని ఆశిస్తూ సెలవు తీసుకొంటున్నాము.